ప్రయాణ నారు

ఇంటర్న్‌షిప్‌కు విదేశం వెళ్లే పిల్లలకు మొదటి తరగతిలో నేను చెప్పే మాట ఒకటే. పాస్‌పోర్టు పోతే ఇంకొకటి ఇస్తారు, ఫోను పోతే ఇంకొకటి కొనుక్కుంటారు, కడుపు పోతే ఎవరూ ఇవ్వరు. పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వండి. సన్నాహాల తరగతి అంటే ఉన్ని కోటు, ప్లగ్గు ఎడాప్టరు, బీమా కాగితాలు అనుకుని వస్తారు వాళ్లు. అవన్నీ చెబుతాను. పళ్ల డాక్టరును కూడా ముందే కలవమంటాను, ఎందుకంటే వాళ్లు వెళ్లేచోట పిప్పిపన్ను పీకేవాడు దొరకడు. అవన్నీ అయ్యాకే నారు సంగతి ఎత్తుతాను.

ఆ నారు కనిపెట్టింది నేనే. నా పేరు హైమవతి, మా ప్రయోగశాల భీమవరంలో ఉంది. గొప్పలు చెప్పుకోవడం నాకు అలవాటు. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖం.

నార్వే తీరానికి దూరంగా సముద్రం అడుగున ఒక కేంద్రం కట్టారు. అక్కడ సముద్రపు నాచును తోటలుగా పెంచుతారు. ఏడాదికి ఒక్కసారి మనుషులు కిందికి దిగుతారు, మళ్లీ ఆర్నెల్లకు గాని పైకి రారు. మధ్యలో వచ్చిపోయే బస్సులేమీ ఉండవు. తిండి ఆ నాచే. మన కడుపుకు అది అరగదు. దాన్ని అరిగించే సూక్ష్మజీవులను మాత్రల్లో పెట్టి, ఇక్కడే పిల్లల కడుపుల్లో నాటి పంపడం నా పని. దాన్నే నారు అంటాం. పొలంలో పాత పంట ఉండగా కొత్త నారు పట్టదు కదా, అందుకని ముందు ఒక మందు తాగించి కడుపంతా దున్నేస్తాం. దున్నేముందు ఆ మనిషి సొంత పంటలోంచి కాస్త విత్తనం తీసి గడ్డకట్టించి దాస్తాం. తిరిగొచ్చాక దాన్నే మళ్లీ నాటుతాం. ఆ విత్తనాలు దాచే చల్లటి గదికి మేము పెట్టుకున్న పేరు గాదె.

ఇదంతా చెప్పి, ప్రశ్నలుంటే అడగమన్నాను. వెనక వరసలోంచి ఒక అమ్మాయి లేచింది.

"మేడం, గాదెలో విత్తనం చెడిపోతే?"

"నా గాదెలో చెడదు," అన్నాను. కూర్చుంది గాని, జవాబు నచ్చినట్టు లేదు ఆ మొహంలో.

ఆ అమ్మాయి కెజియా. ఊరు నరసాపురం. నాకు కొత్త మనిషి కాదు. నాలుగేళ్ల నుంచీ నెలకోసారి మా ప్రయోగశాలకు వస్తూనే ఉంది, తన కోసం కాదు, తండ్రి కోసం. తండ్రి దావీదు పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు. నాలుగేళ్ల కిందట పెద్ద జ్వరం వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. ఘాటు మందులు వాడారు. జ్వరం పోయింది, దానితోపాటు కడుపులో పంట కూడా పోయింది. ఏం తిన్నా ఇమడక మనిషి పుల్లలా అయిపోయాడు. ఆయనకు ఇంట్లో ఒకరి పంట నాటి చూద్దామన్నాను. భార్య సువార్తది పట్టలేదు. కూతురిది పట్టింది. అప్పటినుంచి కెజియా కడుపులోని పంటే మాత్రలుగా మారి ఆయన్ను నడిపిస్తోంది. చిక్కల్లా ఒక్కటే, అది ఆయన కడుపులో నెల తిరిగేసరికి ఎండిపోతుంది. మళ్లీ కొత్త మాత్రలు వేయాలి.

అంచేత ఈ పిల్ల గాదెలో దాచేది తనొక్కదాని కోసమే కాదు. తను సముద్రం అడుగున ఉన్నన్నాళ్లూ తండ్రిని బతికించేది కూడా ఆ విత్తనమే.

విత్తనం తీశాం, దాచాం. వీసా వచ్చింది. కెజియా రెండు పెట్టెలు సర్దుకుని, బరువు ఎక్కువైందని మళ్లీ విప్పి సర్దుకుంది. అంతా సవ్యంగా జరుగుతోందని నేను మామూలు పరీక్షకు దిగాను.

మా ప్రయోగశాలలో ప్రతి రోగికీ ఒక గాజు పొట్ట ఉంటుంది. గాజు కుండే అది, ఒంటి వేడిలో ఉంచుతాం. రోగి కడుపులోంచి తీసిన పంట అందులో పెరుగుతూ ఉంటుంది. ఇంట్లో ఆయన ఏం తింటే కుండకూ అదే పెడతాం. కొత్త మాత్రలు ముందు కుండలో వేసి చూసి, పడితేనే మనిషికిస్తాం. గాదెలోని కెజియా విత్తనంలోంచి చిటికెడు తీసి దావీదు కుండలో వేశాను.

పట్టలేదు. ఇంకోసారి వేశాను. అప్పుడూ పట్టలేదు. మైక్రోస్కోపులో పెట్టి చూస్తే అది కెజియా పంటలాగే లేదు. నాలుగేళ్లుగా నాకు కంఠతా వచ్చిన పంట అది. ఉండాల్సినవి సగం లేవు, ఎన్నడూ చూడనివి మాత్రం పెళ్లివారిలా దిగి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది. వెంటనే నరసాపురం బయల్దేరాను.

వాళ్లిల్లు చర్చి వెనక సందులో. సువార్త వాకిట్లో కూర్చుని లేసు అల్లుతోంది. నన్ను చూసి దారపుండ పక్కన పెట్టి గబగబా లేచింది.

"డాట్రమ్మ గారూ, రండి రండి. కబురు చేత్తే కోడిని కోయించేదాన్ని కదండీ."

"కోడి సంగతి తరవాత. విత్తనం తీసేముందు పిల్లకు ఏం పెట్టావు?"

సువార్త మొహం వెలిగింది. "ఏ లోటూ చేయలేదండి. పేటలో ఒక్కిల్లు కూడా తప్పలేదండి, అందరూ భోజనానికి పిలిచారు. పాస్టరు గారింట్లో బిర్యానీ, మా ఆడబిడ్డ ఇంట్లో రొయ్యల వేపుడు, లేసు కంపెనీ ఆవిడింట్లో జీడిపప్పు పాయసం. ఊరెళ్లే పిల్లని పిలిత్తే రానంటామా అండీ? ఆళ్లేవనుకుంటారు?"

"ఎప్పుడూ తినేదే తినమని చెప్పాను కదా!"

"చెప్పిందండి పిల్ల. ఇంట్లో ఉన్న పూట కూడా జాగర్తగానే పెట్టానండి. తవరు కడుపులోకి చూత్తారంట కదా. పొద్దున్నే చద్దన్నం, ఎండు రొయ్యల పొడి, ఉల్లిపాయ... అయ్యి కనపడితే ఏం బాగుంటదని మానిపించేశాను. ఇడ్లీ, నెయ్యి పెట్టానండి."

ఫొటోకు కొత్త చీర కట్టినట్టు, పిల్ల కడుపుకు మర్యాద తొడిగింది మహాతల్లి. కోపగించుకుందామంటే నోరు రాలేదు. ఏం జరిగిందో నెమ్మదిగా చెప్పాను. గాదెలో ఉన్నది కెజియా కాదు, పేటంతటి వీడ్కోలు విందు. అది దావీదుకు పనికిరాదు. మళ్లీ తన పంట తనకు రావాలంటే పిల్ల నెలా రెండు నెలలు ఇంటి తిండి తినాలి. వచ్చేవారం కడుపు దున్నే మందు తాగకపోతే కేంద్రానికి వెళ్లేవాళ్లు తను లేకుండానే దిగిపోతారు, ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

"నా చేత్తో నేనే చేసుకున్నానండీ," అని సువార్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

దావీదు లోపల్నుంచి అంతా వింటున్నాడు. చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. సన్నటి మనిషి, గొంతు మాత్రం ఇంజను నడుస్తున్నా వినపడేంత పెద్దది.

"పిల్ల ఎల్తాదండి," అన్నాడు. "నా సంగతి నేను చూసుకుంటాను. నారు పోసినోడు నీరు పొయ్యడా?"

"నారు పోసింది నేనే," అన్నాను కటువుగా. "ఉన్న మాత్రలు రెండు నెలలకు వస్తాయి. ఆ తరవాత?"

ఆయన గ్రీజు గుడ్డ భుజాన వేసుకుని లోపలికి వెళ్లిపోయాడు. నేను భీమవరం బస్సెక్కాను.

మర్నాడు కెజియా ప్రయోగశాలకు వచ్చింది. ఏడ్చి వస్తుందనుకున్నాను. చేతిలో స్టీలు క్యారియరుతో వచ్చింది.

"నేను మానేస్తే నాన్న ఊరుకోడు, మేడం. వెళ్తే నా మనసు ఊరుకోదు. ఒకసారి నాన్న కుండ చూపించండి."

చూపించాను. చాలాసేపు కుండ చుట్టూ తిరిగింది. "దీనికి మీరేం పెడుతున్నారు?"

"మీ నాన్న తినేదే. చప్పిడి ఇడ్లీ, బార్లీ నీళ్లు, ఉడికించిన సొరకాయ, రొట్టె."

"పథ్యం," అంది. "నాన్న కారం, పులుపు తిని నాలుగేళ్లయింది. మరి నా కడుపులో ఈ పంట ఏం తిని పెరిగింది, మేడం?"

జవాబూ తనే చెప్పింది.

"చద్దన్నం తిని పెరిగింది. పులిసిన గంజి తాగి పెరిగింది. దాన్ని తీసుకెళ్లి సొరకాయ పెట్టే ఇంట్లో కూర్చోబెట్టారు. అది ఎండిపోవడం లేదు, మేడం. పస్తులుంటోంది."

క్యారియరు మూత తీసింది. తెల్లవారేదాకా మట్టికుండలో పులిసిన అన్నం. గదంతా ఆ పుల్లటి వాసనే. మా కుర్ర సైంటిస్టులు ముక్కు మూసుకున్నారు. దావీదు గాజు కుండలోని పంటను రెండు కుండల్లోకి పంచమంది. ఒకదానికి మామూలు పథ్యం, రెండోదానికి చద్దన్నపు గంజి.

"రోగి కుండలో పులిసినది పోయకూడదు," అన్నాను. నేను రాసిన నియమమే అది.

"ఎందుకు?"

కారణం వెతుక్కున్నాను. ఆసుపత్రి వాళ్లు పథ్యం అన్నారు, ఇంట్లో పథ్యం పెట్టారు, అందుకని నేను కుండకూ పథ్యం పెట్టాను. అంతకు మించిన కారణం నాకు కనపడలేదు. "పొయ్యి," అన్నాను.

కొద్ది రోజుల్లోనే తేడా తెలిసిపోయింది. పథ్యం కుండ ఎప్పటిలాగే నీరసంగా పడి ఉంది. చద్దన్నం కుండ మాత్రం వాన పడ్డ చేనులా లేచింది. అందులో ఉన్నది అచ్చంగా కెజియా పాత పంట, పేటవాళ్లు పిలవకముందు, వాళ్లమ్మ మర్యాద చేయకముందు ఉన్న పంట. కిందటి నెల మాత్రల్లో తండ్రికి ఇచ్చినదే, ఇన్నాళ్లూ తిండిలేక చావబోతూ బతికి ఉంది. నాకు సంతోషమూ వేసింది, సిగ్గూ వేసింది. సంతోషమే ఎక్కువ. అప్పటికప్పుడు ఇద్దరం నరసాపురం బస్సెక్కాం.

"పథ్యం ఎన్నాళ్లు పెట్టమన్నారు ఆసుపత్రివాళ్లు?" అని సువార్తను అడిగాను.

"రెండు నెలలండి."

"మరి నాలుగేళ్లేమిటి?"

"మానమని ఎవరూ చెప్పలేదు కదండీ!"

ఆ మాటకు ఎవరి మీద కోప్పడను? మన దేశంలో తిండిని పాడుచేసేవి రెండు, ఒకటి మర్యాద, రెండోది పథ్యం. రెండూ ప్రేమతోనే చేస్తారు. అందుకే ఎవరూ వాటి మీద ఫిర్యాదు చేయరు.

"గాజు కుండకు పడింది గాని మనిషికి పడుతుందని నేను రాసివ్వలేను," అన్నాను దావీదుతో. "వికటిస్తే మళ్లీ ఆసుపత్రే."

"ఇంజను బాగుచేసి ఒడ్డున పెట్టుకు కూచుంటే ఏం లాభమండీ? నీళ్లలో దింపి తిప్పి చూడాల," అన్నాడాయన. అని భార్య వైపు తిరిగి, "ఏమే, చద్దన్నం ఉందా?" అని అడిగాడు.

సువార్త కదల్లేదు. "నేను పెట్టనండీ. నా చేత్తో పెట్టి నేను చూడలేను."

కెజియానే లేచి గిన్నె తెచ్చింది. గంజితో పాటు వడ్డించి, ఒక ఉల్లిపాయను గడప మీద పెట్టి పిడికిలితో గుద్దింది. కత్తి పెట్టి కోస్తే తీపి పోతుందట, అది వాళ్లింటి సిద్ధాంతం. తండ్రి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. తరవాత గిన్నె ఖాళీ చేశాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయ ఘాటని అన్నాడు, మేమూ సరేనన్నాం.

మర్నాడు కడుపునొప్పితో ముడుచుకుపోయాడు. సువార్త నాకు ఫోను చేసి, నన్నూ నా గాజు కుండలనూ కలిపి దులిపేసింది. పాపం, అనవలసినవే అంది. సాయంత్రానికి నొప్పి తగ్గింది. ఆ మర్నాడు ఆయన మళ్లీ గిన్నె పట్టుకుని కూర్చున్నాడు. ఆ తరవాతి రోజు ఆయన కడుపులోంచి తీసిన పంట చూశాను. కూతురి పంట, నిండుగా ఉంది.

కాని కొద్దిరోజుల ముచ్చట చూసి ఆరు నెలలకు హామీ ఇవ్వడం ఎలా? ఇంకో నెల చూడాలి. కెజియాకు నెల గడువు లేదు, మర్నాడే మందు తాగాలి. తాగితే తన కడుపులో మిగిలి ఉన్న కాస్త సొంత పంట కూడా తుడిచిపెట్టుకుపోతుంది. గాజు కుండలోది పరీక్షకే గాని మనిషికి నాటడానికి పనికిరాదు. ఆ తరవాత తండ్రి కడుపులో అది నిలవకపోతే, మిగిలిన మాత్రలు అయిపోయాక లోకంలో ఎక్కడా ఉండదు. ఆయనకూ ఉండదు, ఈ పిల్లకూ ఉండదు.

మందు గ్లాసు ముందు పెట్టి ఇదంతా చెప్పాను. పక్కన దావీదు కూర్చున్నాడు.

"భయంగా ఉందా అమ్మలూ?" అన్నాడు.

"ఉంది నాన్నా."

"నాకూ ఉంది. రోజూ పొద్దున్నే చద్దన్నం తింటాను. అదొక్కటే నా చేతిలో ఉంది. మిగతాది దేవుడు చూసుకుంటాడు."

"మేడం," అంది కెజియా, "ఆ మాటే నాకు చాలు. మా నాన్న ఏ ఇంజన్నూ సగంలో వదిలిపెట్టలేదు." గ్లాసెత్తి గుక్క తిప్పుకోకుండా తాగేసింది.

అందుకు చెల్లించిన మూల్యం ఇంట్లో తెలిసింది. కొత్త నారు పట్టాక ప్రయాణం ముందు రోజు నేను వీడ్కోలు చెప్పడానికి వెళ్లాను. గుమ్మంలో పెట్టెలు కట్టి ఉన్నాయి. ఒకదాని మూల నుంచి ఆవకాయ సీసా బయటికి తీయించాను. కేంద్రంలోకి బయటి తిండి రానివ్వరని ఎన్నిసార్లు చెప్పినా సువార్తకు అది లెక్కలోకి రాదు. పొయ్యి మీద చేపల పులుసు ఉడుకుతోంది. కెజియా వంటింటి గుమ్మందాకా వచ్చి ఆగిపోయింది. ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకోకూడదని చాలా ప్రయత్నించింది. చివరికి పెరట్లోకి పరుగెత్తి డోకింది. నేనిచ్చిన నాచు బిళ్లలు మాత్రం ఇష్టంగా నమిలింది.

సువార్త పులుసు దించి మూత పెట్టింది. "నా కడుపున పుట్టిన పిల్లకి నా వంట వాసన పడట్లేదండి," అంది. నేను కనిపెట్టిన నారు బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ రోజు దాన్ని చూసి నాకు గర్వం కలగలేదు.

ఆర్నెల్లూ దావీదు మాట తప్పలేదు. ప్రతి నెలా పరీక్షకు వచ్చేవాడు. కొత్త మాత్రలు ఒక్కటీ ఇవ్వలేదు, అవసరం పడలేదు. బుగ్గలు పూడాయి. చొక్కా గుండీలు బిగువయ్యాయి. సువార్త పథ్యం గిన్నెను కోడిపిల్లలకు నీళ్లు పెట్టడానికి వాడుకుంటోందని చెప్పి పడిపడి నవ్వాడు. నేను నా నియమాల పుస్తకంలో పులిసినది పోయకూడదన్న నియమాన్ని కొట్టేశాను. నారు పోశాను సరే, నీరు ఎవరు పోస్తున్నారో ఇన్నాళ్లూ చూడలేదు.

గాదెలో ఉన్నది విందు కదా, అందుకని కెజియా తిరిగి రావడానికి వారం ముందు ఆయన్నే విత్తనం తీయడానికి రమ్మన్నాను. గడ్డం గీసుకుని, ఆదివారం చర్చికి వేసుకునే తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు.

"ఏమిటీ ముస్తాబు?" అన్నాను అనుమానంగా. "పొద్దున్న ఏం తిన్నారు?"

"ఇన్నాళ్లూ తీసుకోడమే గాని ఇయ్యడం ఇదే మొదలు కదండీ, అందుకని మర్యాదకి చొక్కా ఏసుకున్నాను. కడుపుకి మాత్రం ఏ మర్యాదా చేయలేదండి. ఆయ్, చద్దన్నమే."

కెజియా వచ్చింది. మనిషి చిక్కింది, మాట గట్టిపడింది, వచ్చే ఏడాది పూర్తి ఉద్యోగానికి రమ్మన్నారట. నాచు నారును దున్నేసి తండ్రి ఇచ్చిన విత్తనాన్ని నాటాను. మాత్రల డబ్బా మీద ఎప్పుడూ ఉండే పేర్లు తారుమారయ్యాయి. ఇచ్చినవారు దావీదు, పుచ్చుకున్నవారు కెజియా. చీటీని రెండుసార్లు చదువుకుని అంటించాను.

పట్టిందో లేదో చూడటానికి నేనే నరసాపురం వెళ్లాను. రోజూ నాలుగు మెతుకులు కతికి లేచిపోతోందని సువార్త చెప్పింది. ఆ పొద్దున కూడా ఆమె చద్దన్నం గిన్నె పిల్ల ముందు పెట్టి, చూడలేక, వాకిట్లోకి వచ్చి నా పక్కన కూర్చుని లేసు అల్లడం మొదలుపెట్టింది. దారం చిక్కుపడుతున్నా విప్పకుండా అల్లుకుపోతోంది. దావీదు ఎదురుగా ఏదో ఇంజను ముక్కను తుడిచిందే తుడుస్తున్నాడు. లోపల గిన్నె చప్పుడు కాసేపు వినపడింది, ఆగిపోయింది. సువార్త చేతులూ ఆగిపోయాయి.

"అమ్మా," అని కేక వేసింది కెజియా లోపల్నుంచి. "ఉల్లిపాయ ఏదీ?"

సువార్త లేసు కింద పడేసి నా భుజం పట్టుకుంది. దావీదు అప్పటికే బుట్టలోంచి పెద్ద ఉల్లిపాయ ఏరి, గడప మీద పెట్టి, గ్రీజు పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు.